షుగర్ ఉన్నవాళ్లు గుండెను ఎలా చూసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారికి నొప్పి లేకుండానే గుండెపోటు వచ్చింది. అప్పటికి ఆయనకి షుగర్ వచ్చి 11 ఏళ్లు. రోజూ పొద్దున్నే వేలు పొడుచుకుని, వచ్చిన అంకె నోట్‌బుక్‌లో రాసుకునే మనిషి. ఆ నోట్‌బుక్‌లో బీపీకి గానీ కొలెస్ట్రాల్‌కి గానీ ఒక్క గడి కూడా లేదు. ఆ తర్వాత నేను చదివినవీ, డాక్టర్లని అడిగి తెలుసుకున్నవీ, చుట్టాలూ స్నేహితులూ నన్ను మళ్లీ మళ్లీ అడిగేవీ ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివి మందులు మొదలుపెట్టడం, మానేయడం మాత్రం చేయకండి. మీ డాక్టర్‌ని ఏం అడగాలో తెలియడానికే ఇది.

నా షుగర్ కంట్రోల్‌లోనే ఉంది. గుండె గురించి ఎందుకు ఆలోచించాలి?

షుగర్ లేనివాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్లకి గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశం దాదాపు రెండింతలు. అందరికీ ఒకే స్థాయిలో ఉండదనుకోండి. నిన్నగాక మొన్న షుగర్ బయటపడి, బీపీ లేకుండా, పొగతాగే అలవాటు లేకుండా ఉన్న 38 ఏళ్ల మనిషికీ, 20 ఏళ్లుగా షుగర్‌తో ఉండి కిడ్నీ కూడా కాస్త దెబ్బతిన్న 60 ఏళ్ల మనిషికీ చాలా తేడా ఉంటుంది. కానీ ఇద్దరి దగ్గరా ఉన్న షుగర్ మీటర్ చూపించేది ఆ నిమిషంలో రక్తంలో ఉన్న గ్లూకోజ్ ఎంతో, అంతే. బీపీ, చెడు కొలెస్ట్రాల్, కిడ్నీ పరిస్థితి ఇవేవీ ఆ మీటర్‌లో కనిపించవు, గుండెకి ముప్పు ఎక్కువగా వీటివైపు నుంచే వస్తుంది.

అసలు షుగర్‌కీ గుండెకీ సంబంధం ఏమిటి?

రక్తనాళం లోపల పల్చటి నున్నటి పొర ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే, బీపీ కూడా తోడైతే ఆ పొర దెబ్బతింటుంది. దాంతో ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ కణాలు గోడలోకి దూరి అక్కడే ఉండిపోతాయి, వాటిని తినేయడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు కూడా అక్కడే చిక్కుకుని పూడికలా తయారవుతుంది. ఒకరోజు ఆ పూడిక పైపొర చిట్లితే దాని మీద రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. గుండెకి వెళ్లే నాళంలో జరిగితే గుండెపోటు, మెదడుకి వెళ్లే నాళంలో జరిగితే పక్షవాతం.

టైప్ 2 షుగర్‌లో ఇంకొన్ని తోడవుతాయి. ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి, హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, ఎల్‌డీఎల్ కణాలు చిన్నగా చిక్కగా మారతాయి, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. పైగా ఇదంతా షుగర్ బయటపడడానికి ఎన్నో ఏళ్ల ముందే మొదలవుతుంది. గుండెపోటుతో ఆస్పత్రిలో చేరాకే తమకి షుగర్ ఉందని మొదటిసారి తెలిసినవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

షుగర్‌ని బాగా తగ్గించేస్తే గుండెపోటు రాదు కదా?

నన్ను అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే. దీనికి జవాబు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

షుగర్ తగ్గించడం వల్ల కళ్లు, కిడ్నీలు, నరాలు బాగా కాపాడబడతాయి, అందులో సందేహమే లేదు. గుండెకి కూడా మేలు ఉంది, కాకపోతే అది నిదానంగా కనిపిస్తుంది. కొత్తగా టైప్ 2 షుగర్ వచ్చిన 5,102 మందితో బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 1998లో ఫలితాలు వచ్చేసరికి గుండెపోట్లు తగ్గాయని గట్టిగా చెప్పలేకపోయారు. అదే మనుషుల్ని ఇంకో పదేళ్లు గమనించి 2008లో చూస్తే, మొదట్లో షుగర్‌ని గట్టిగా అదుపు చేసినవాళ్లలో గుండెపోట్లు 15 శాతం తక్కువ, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో మొదలుపెట్టిన బరువెక్కువ ఉన్నవాళ్లలో 33 శాతం తక్కువ. అంటే షుగర్ వచ్చిన మొదటి ఏళ్లలో పడ్డ కష్టం తర్వాతెప్పుడో అక్కరకొస్తుంది.

మరి ఎంత తగ్గిస్తే అంత మంచిదా? అదే 2008లో అకార్డ్ అనే మరో అధ్యయనంలో 10,251 మందిని తీసుకున్నారు. అందరూ ఎప్పటినుంచో షుగర్ ఉన్నవాళ్లు, గుండెకి ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లు. సగం మందికి మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, 6 కంటే కిందకి తేవాలని మందులు బాగా పెంచారు. ఆ వైపు మరణాలు ఎక్కువ కావడంతో ఆ పద్ధతిని మధ్యలోనే ఆపేశారు. అందుకే ఈ రోజు చాలామందికి 7 లోపు అని లక్ష్యం పెడతారు, వయసు పైబడినవాళ్లకీ, గుండెజబ్బు ఉన్నవాళ్లకీ, తరచూ షుగర్ పడిపోయేవాళ్లకీ 8 దాకా కూడా ఒప్పుకుంటారు. షుగర్ మరీ పడిపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లకి 6లోపు వచ్చిందని ఇంట్లో సంబరపడేముందు, ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ లాంటి మాత్రతో అలా వచ్చిందా, మధ్యమధ్యలో చెమటలు పట్టి వణుకు వస్తోందా అని ఒకసారి అడగండి.

అన్నిటికంటే నాకు నచ్చింది డెన్మార్క్‌లో జరిగిన స్టెనో-2. చిన్నది, 160 మందే. సగం మందికి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, వ్యాయామం, పొగ మానడం అన్నిటినీ ఒకేసారి పట్టించుకున్నారు, మిగతా సగానికి అప్పటి మామూలు వైద్యం. దాదాపు ఎనిమిదేళ్లకి చూస్తే మొదటి గుంపులో గుండె, రక్తనాళాల ప్రమాదాలు సగానికి పైగా తగ్గాయి. 21 ఏళ్ల తర్వాత లెక్కేస్తే వాళ్లు సుమారు 8 ఏళ్లు ఎక్కువ బతికారు. ఒక్క అంకెని పట్టుకుని వేలాడినందుకు వచ్చిన ఫలితం కాదది, అన్నీ కలిపి కాస్త కాస్త తగ్గించినందుకు వచ్చింది.

అయితే ఏయే అంకెలు గుర్తుపెట్టుకోవాలి?

హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 శాతం లోపు. బీపీ 130/80 లోపు. ఎల్‌డీఎల్ 70 మిల్లీగ్రాముల లోపు, ఇప్పటికే గుండెపోటు, పక్షవాతం లేదా స్టెంట్ అయి ఉంటే 55 లోపు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ నిష్పత్తి 30 లోపు. కిడ్నీ వడపోత సామర్థ్యం, రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని ఉంటుంది, అది 60 పైన. ఇవి సాధారణ లక్ష్యాలు, మీ వయసునీ మిగతా జబ్బుల్నీ బట్టి డాక్టర్ వీటిని అటూ ఇటూ జరుపుతారు. నాన్నగారి నోట్‌బుక్‌లో ఇప్పుడు వీటన్నిటికీ గడులున్నాయి.

రిపోర్టులో కొలెస్ట్రాల్ నార్మల్ అనే ఉంది. అయినా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఎందుకు రాశారు?

ల్యాబ్ రిపోర్టులో పక్కన అచ్చువేసే నార్మల్ అనేది అందరికీ కలిపి వేసేది. షుగర్ ఉన్న మనిషికి ఎంత ఉంటే సురక్షితం అన్నది వేరే లెక్క. ఎల్‌డీఎల్ 110 ఉంటే రిపోర్టు ఎర్రగా చూపించకపోవచ్చు, మీకది ఎక్కువే.

2004లో వచ్చిన కార్డ్స్ అధ్యయనం సరిగ్గా ఈ ప్రశ్న గురించే. షుగర్ ఉండి, గుండెజబ్బు లేకుండా, కొలెస్ట్రాల్ మరీ ఎక్కువేమీ లేని 2,838 మందిలో సగం మందికి అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ 10 మిల్లీగ్రాములు ఇచ్చారు. వాళ్లలో పెద్ద గుండె, రక్తనాళ ప్రమాదాలు 37 శాతం తగ్గాయి. అందుకే 40 దాటిన షుగర్ పేషెంట్లకి, కొలెస్ట్రాల్ ఎంతున్నా సరే, దాదాపు అందరికీ స్టాటిన్ సూచిస్తారు. ఎల్‌డీఎల్ సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ ముప్పు ఐదో వంతు దాకా తగ్గుతుందని చాలా అధ్యయనాలు కలిపి చూస్తే తేలింది.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మూడు నెలలు మాత్ర వేసుకుంటారు, రిపోర్టు బాగా వస్తుంది, తగ్గిపోయింది కదా అని ఆపేస్తారు. తగ్గింది మాత్ర వల్ల. ఆపితే కొన్ని వారాల్లో మళ్లీ పాత అంకెకే వస్తుంది.

ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లు రిపోర్టులో ఇంకో అంకె కూడా చూడండి. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేది నాన్ హెచ్‌డీఎల్. మీ ఎల్‌డీఎల్ లక్ష్యానికి 30 కలిపితే దీని లక్ష్యం వస్తుంది. లిపోప్రోటీన్ (ఎ) అనే పరీక్ష కూడా ఉంది, వంశపారంపర్యంగా వచ్చేది, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. చిన్న వయసులో గుండెపోట్లు వచ్చిన కుటుంబమైతే తప్పకుండా అడగండి.

స్టాటిన్ వేసుకుంటే షుగర్ పెరుగుతుందట, కండరాల నొప్పులు వస్తాయట?

షుగర్ కొద్దిగా పెరిగే మాట నిజమే. కానీ ఆ కొంచెం పెరుగుదల వల్ల జరిగే నష్టం, గుండెపోటు తప్పడం వల్ల వచ్చే లాభం ముందు చాలా చిన్నది.

కండరాల నొప్పులు కొందరికి నిజంగానే వస్తాయి, వాటిని కొట్టిపారేయకూడదు. అయితే 2020లో శాంసన్ అని ఒక చిన్న అధ్యయనం వచ్చింది. నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏ మాత్రా లేకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన ఇబ్బందిలో 90 శాతం దాకా ఉత్తుత్తి మాత్రతో కూడా వచ్చింది. నొప్పి అబద్ధం కాదు, కారణం ప్రతిసారీ ఆ మందే అవ్వాలని లేదు, అంతే. నొప్పులొస్తే సొంతంగా మానేయకుండా డాక్టర్‌కి చెప్పండి. డోసు తగ్గించడం, ఇంకో స్టాటిన్‌కి మార్చడం, ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మాత్ర కలపడం, ఇలా దారులు చాలా ఉన్నాయి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, విటమిన్ డి లోపం ఉన్నా ఒళ్లునొప్పులు వస్తాయి, అవీ చూస్తారు. మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చి, కండరాలు బాగా నొప్పిగా బలహీనంగా ఉంటే మాత్రం ఆగకుండా వెంటనే వెళ్లాలి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు స్టాటిన్ గురించి ముందే మాట్లాడుకోవాలి.

బీపీ ఆస్పత్రిలో చూస్తే ఎక్కువ, ఇంట్లో తక్కువ. ఏది నమ్మాలి?

సరిగ్గా చూసుకుంటే ఇంట్లో వచ్చేదే ఎక్కువ నమ్మదగింది. చాలామంది మెట్లెక్కి వచ్చి, మాట్లాడుతూ, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టేస్తారు. అలా కాదు. చూసుకునే ముందు అరగంట కాఫీ, పొగ వద్దు. మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చేయి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చర్మం మీదే చుట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. ఓ వారం రోజులు పొద్దునా సాయంత్రం ఇలా రాసి తీసుకెళ్తే డాక్టర్‌కి అంతకంటే మంచి సమాచారం ఉండదు.

యూకేపీడీఎస్‌లో బీపీ భాగం గురించి ఎక్కువ మందికి తెలియదు. ఒక గుంపులో బీపీ సగటున 154/87 ఉంటే, గట్టిగా అదుపు చేసిన గుంపులో 144/82 ఉంది, అంతమాత్రానికే వాళ్లలో పక్షవాతాలు 44 శాతం తగ్గాయి. పది పాయింట్లు, అంతే! షుగర్ గురించి పడే టెన్షన్‌లో పావు వంతు బీపీ మీద పెట్టినా ఎంత మేలో చూడండి.

ఎప్పటినుంచో షుగర్ ఉన్నవాళ్లు నిలబడ్డాక కూడా బీపీ చూపించుకోవాలి. లేచి నిలబడగానే పైఅంకె 20 పడిపోతే కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది, నరాలు దెబ్బతిన్నాయనడానికి అదొక గుర్తు కూడా.

గుండె కోసం మూత్రం పరీక్ష ఏమిటి?

నాకు కూడా మొదట్లో వింతగానే అనిపించింది. మూత్రంలో కొద్దిపాటి ఆల్బుమిన్ పోతోందంటే కిడ్నీలోని సన్నటి నాళాలు కారుతున్నాయని అర్థం, ఒంట్లో మిగతా చోట్ల కూడా నాళాల లోపలి పొర పాడవుతోందనడానికి అది తొలి హెచ్చరిక. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ ఇంకా నార్మల్‌గా ఉన్నప్పుడే ఇది కనిపిస్తుంది. ఏడాదికి ఒక్కసారి, ఒక్క శాంపిల్ చాలు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు బాగా కఠినమైన వ్యాయామం ఉంటే తప్పుగా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఒకసారి ఎక్కువ వస్తే మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చేయించి నిర్ధారించుకుంటారు. ఆల్బుమిన్ పోతున్నవాళ్లకి ర్యామిప్రిల్ లాంటివో టెల్మిసార్టాన్ లాంటివో బీపీ మాత్రలు రాస్తారు, అవి కిడ్నీని కూడా కాపాడతాయి. మొదలుపెట్టిన కొన్ని వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ ఒకసారి చూడాలి. ర్యామిప్రిల్‌తో పొడిదగ్గు వస్తే చెప్పండి, మారుస్తారు.

ఈసీజీ నార్మల్ వచ్చింది. ఇంక భయం లేనట్టేనా?

లేదు, అలా అనుకోకండి. పడుకోబెట్టి తీసే ఈసీజీ ఆ కొన్ని సెకన్లలో గుండె విద్యుత్ ఎలా నడుస్తోందో చెబుతుంది, పాత గుండెపోటు గుర్తులుంటే చూపిస్తుంది. నాళంలో 60 శాతం పూడిక ఉన్నా ఈసీజీ నున్నగా రావచ్చు. ఎకో కూడా గుండె కండరం ఎలా కొట్టుకుంటోందో, కవాటాలు ఎలా ఉన్నాయో చూపిస్తుంది, నాళాల్లో పూడికని నేరుగా చూపించదు.

అలాగని ఏ లక్షణాలూ లేని షుగర్ పేషెంట్లందరూ ఏటా టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి తీసే ఈసీజీ), స్కాన్, యాంజియోగ్రామ్ చేయించుకోవాలా అంటే అదీ కాదు. డయాడ్ అనే అధ్యయనంలో లక్షణాలు లేని 1,123 మందిలో సగం మందికి గుండె స్కాన్ చేసి చూశారు, అయిదేళ్లకి రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఎందుకంటే రెండు వైపులా మందులు బాగానే వాడారు. లక్షణాలు కొత్తగా ఉంటేనో, ఈసీజీలో ఏదైనా తేడా ఉంటేనో డాక్టర్ ఆ పరీక్షలు చెబుతారు. స్టాటిన్ వేసుకోవాలా వద్దా అని సందేహంలో ఉన్నవాళ్లకి గుండె నాళాల్లో పేరుకున్న కాల్షియంని కొలిచే కాల్షియం స్కోర్ స్కాన్ కొన్నిసార్లు పనికొస్తుంది.

నొప్పి లేకుండా గుండెపోటు ఎలా వస్తుంది?

షుగర్ కాళ్ల నరాల్ని మొద్దుబార్చినట్టే గుండె నరాల్నీ మొద్దుబారుస్తుంది. అప్పుడు గుండె మొత్తుకుంటున్నా ఆ కబురు సరిగ్గా అందదు.

మా నాన్నగారికి ఆ రోజు ఛాతీలో ఏమీ లేదు. పొద్దున్నుంచి నీరసం, పై కడుపులో బరువు, ఒకసారి వాంతి. గ్యాస్ అనుకున్నాం అందరం, నేను కూడా. మధ్యాహ్నానికి చల్లటి చెమటలు పట్టి, బాత్రూమ్ దాకా నడిస్తే ఆయాసం వచ్చింది. షుగర్ పడిపోయిందేమో అని మీటర్‌తో చూస్తే 168. అది చూసి మేమంతా ఊపిరి పీల్చుకుని ఇంకో మూడు గంటలు పోగొట్టాం. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి గుండె కండరంలో కొంత భాగం పోయింది. ఆ మూడు గంటలు నన్ను ఇప్పటికీ వదలవు.

అందుకే చెబుతున్నాను. షుగర్ ఉన్న మనిషికి కారణం తెలియని ఆయాసం, చల్లటి చెమటలు, దవడ, మెడ, భుజం, వీపులో బిగపట్టినట్టుండడం, ఎప్పుడూ లేనంత నీరసం, వికారం, వీటిలో ఏది హఠాత్తుగా వచ్చినా షుగర్ చూడండి, కానీ షుగర్ బాగుందని ఆగిపోకండి.

నొప్పి వచ్చినా, ఇలాంటి అనుమానం వచ్చినా అప్పటికప్పుడు ఏం చేయాలి?

అంబులెన్స్ పిలవండి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకండి, దారిలో గుండె ఆగితే ఎవరూ ఏం చేయలేరు. నడిపించకుండా కూర్చోబెట్టండి. అలర్జీ లేకపోతే, రక్తస్రావం సమస్య లేకపోతే, ఫోన్‌లో చెప్పే సిబ్బంది వేయమంటే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించండి. వాడే మందుల చీటీ తీసుకెళ్లండి. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్ర ఈ మధ్య వేసుకుని ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి, దాని మీద ఛాతీ నొప్పికి ఇచ్చే నైట్రేట్ మందు ఇస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

రోజూ ఒక ఆస్పిరిన్ వేసుకుంటే మంచిదని ఎవరో చెప్పారు?

గుండెపోటు, స్టెంట్, బైపాస్, పక్షవాతం అయినవాళ్లకి అవసరమే, దాన్ని డాక్టర్ చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు, పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే. ఇంతవరకూ ఏమీ రానివాళ్ల సంగతి వేరు. 2018లో అసెండ్ అధ్యయనంలో షుగర్ ఉన్న 15,480 మందిని ఏడేళ్ల పైన గమనించారు. రోజూ ఆస్పిరిన్ వేసుకున్న ప్రతి వెయ్యి మందిలో 11 మందికి గుండె, రక్తనాళ ప్రమాదం తప్పింది, 9 మందికి తీవ్రమైన రక్తస్రావం వచ్చింది. లాభం నష్టం దాదాపు సరి. అదే అధ్యయనంలో చేపనూనె మాత్రలు కూడా పరీక్షించారు, వాటివల్ల ఉపయోగం కనిపించలేదు.

గుండెకి కూడా మేలు చేసే కొత్త షుగర్ మందులున్నాయంటున్నారు, నిజమేనా?

నిజమే, ఈ పదేళ్లలో వచ్చిన పెద్ద మార్పు ఇదే. రెండు రకాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు. ఇవి షుగర్‌ని మూత్రంలోంచి బయటకి పంపుతాయి. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ మీద వచ్చిన ఫలితాలు చూసి డాక్టర్లే ఆశ్చర్యపోయారు: గుండెజబ్బు ఉన్న 7,020 మంది షుగర్ పేషెంట్లలో, ఈ మాత్ర వాడినవాళ్లలో గుండె సంబంధ మరణాలు 38 శాతం తగ్గాయి. హార్ట్ ఫెయిల్యూర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఇవి చాలా మేలు చేస్తాయి. జాగ్రత్తలు కూడా ఉన్నాయి. మర్మాంగాల దగ్గర ఫంగస్ ఇన్ఫెక్షన్ రావచ్చు, శుభ్రంగా ఉంచుకోవాలి. వాంతులు, విరేచనాలు, తిండి తినలేని జ్వరం, ఉపవాసం ఉన్న రోజుల్లో వీటిని ఆపమంటారు, ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందు కూడా. ఎందుకంటే షుగర్ పెద్దగా పెరగకపోయినా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. ఏ రోజుల్లో ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో మందు రాసినరోజే అడిగి రాసిపెట్టుకోండి.

రెండోది లిరాగ్లూటైడ్, సెమాగ్లూటైడ్ లాంటివి, ఎక్కువగా ఇంజెక్షన్లు. 2016లో లిరాగ్లూటైడ్ మీద 9,340 మందితో జరిగిన లీడర్ అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలు కలిపి 13 శాతం తగ్గాయి. బరువు కూడా తగ్గుతుంది. మొదట్లో వికారం ఉంటుంది, అందుకే డోసు నెమ్మదిగా పెంచుతారు. కంటి వెనక పొరలో షుగర్ సమస్య ఉన్నవాళ్లు ముందు కళ్లు చూపించుకోవాలి.

గుండెజబ్బు, హార్ట్ ఫెయిల్యూర్ లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి హెచ్‌బీఏ1సీ ఎంతున్నా వీటిని పరిశీలించాలి. మీకు ఈ జబ్బుల్లో ఏదైనా ఉండి, ఇంతవరకూ ఎవరూ ఈ మాట ఎత్తకపోతే, మీరే ఎత్తండి.

గుండెకి ఇబ్బంది చేసే మందులు కూడా ఉంటాయా?

ఉంటాయి. పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర ఒంట్లో నీరు చేర్చుతుంది, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు వాడకూడదు. సాక్సాగ్లిప్టిన్ అనే మరో షుగర్ మాత్రతో హార్ట్ ఫెయిల్యూర్ వల్ల ఆస్పత్రిలో చేరడం పెరిగిందని 2013లోనే తేలింది. వీటన్నిటికంటే మామూలుగా జరిగేది ఇంకొకటి. మోకాళ్ల నొప్పులకి నెలల తరబడి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు సొంతంగా కొని మింగడం. అవి బీపీ పెంచుతాయి, నీరు చేర్చుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మాత్ర) వాడేవాళ్లకి షుగర్ పడిపోయినప్పుడు గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది, దాన్ని గుర్తుగా పెట్టుకోవాలి.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడమా?

కాదు. గుండె కావాల్సినంత రక్తం పంపలేకపోవడం, లేదా బిగుసుకుపోయి సరిగ్గా నిండలేకపోవడం. షుగర్ ఉన్నవాళ్లకి ఒక్క గుండెపోటు కూడా రాకుండానే ఇది రావచ్చు. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, పడుకుంటే ఊపిరాడక రెండు దిళ్లు కావాల్సి రావడం, సాయంత్రానికి చీలమండలు ఉబ్బడం, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం. వయసైపోయింది కదా అని సర్దుకుపోకండి. రక్తంలో ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అనే పరీక్షతో తొందరగా పట్టుకోవచ్చు.

నడక చాలా, ఇంకేమైనా చేయాలా?

వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత కానీ పాట పాడలేనంత వేగంతో. వరసగా రెండు రోజులకి మించి మానకండి, వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేసే గుణం ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. దీనికి తోడు వారానికి రెండుసార్లు కండరాల వ్యాయామం ఉండాలి, బరువులు లేకపోతే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి ఆనుకుని తోయడం లాంటివి సరిపోతాయి. గంటల తరబడి కూర్చునే పనైతే అరగంటకోసారి లేవండి. ఛాతీలో బిగుతో, మామూలుగా లేని ఆయాసమో ఉన్నవాళ్లు, కంటి వెనక పొరలో తీవ్ర సమస్య ఉన్నవాళ్లు కొత్తగా ఏదైనా మొదలుపెట్టేముందు డాక్టర్‌ని అడగాలి. నడుస్తుంటే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గిపోతుంటే అది కాళ్ల నాళాల్లో పూడిక కావచ్చు. కాళ్లలో ఉంటే గుండెలోనూ ఉండే అవకాశం బాగా ఎక్కువ.

తిండి సంగతి?

దీని మీద అందరూ చెబుతూనే ఉంటారు కాబట్టి నేను రెండే మాటలు చెబుతాను. తీపి మానేసినవాళ్లు కూడా ఉప్పు మర్చిపోతారు. రోజు మొత్తానికి అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, అందులోనే ప్యాకెట్ తిండి, పచ్చళ్లు, సాస్‌లలో ఉండే ఉప్పు కూడా కలిసిపోవాలి. రెండోది, నూనె రకం మార్చడం కంటే డీప్ ఫ్రై తగ్గించి, పళ్లెంలో సగం కూరగాయలు ఉండేలా చూసుకోవడం, పప్పులు, గింజలు పెంచడం తేలిక, నిలుస్తుంది కూడా.

రోజుకి రెండు సిగరెట్లే తాగుతాను. అదీ తప్పేనా?

తప్పు ఒప్పుల మాట వదిలేద్దాం. గుండె విషయంలో తక్కువ తాగితే తక్కువ నష్టం అనే లెక్క పనిచేయదు, కొద్దిపాటి పొగ కూడా ముప్పుని బాగా పెంచుతుంది. పూర్తిగా మానేస్తే ఏడాదిలో పొగ వల్ల వచ్చిన అదనపు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. మానితే బరువు పెరుగుతానేమో అని భయపడేవాళ్లున్నారు, కొంచెం పెరిగినా గుండెకి లాభమే ఎక్కువ. నికోటిన్ గమ్, ప్యాచ్, మాత్రలు ఉన్నాయి, సాయం తీసుకోండి.

ఆడవాళ్లకి గుండెపోటు తక్కువ అంటారు కదా?

షుగర్ లేనంతవరకూ, నెలసరి ఆగేవరకూ కొంత నిజం. షుగర్ వస్తే ఆ రక్షణ చాలావరకు పోతుంది. 64 అధ్యయనాల్లో ఎనిమిదిన్నర లక్షల మందికి పైగా వివరాలు కలిపి 2014లో చూస్తే, షుగర్ వల్ల గుండెజబ్బు ముప్పు పెరగడం మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో 44 శాతం ఎక్కువగా ఉంది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తర్వాత పోయినవాళ్లకి కూడా తర్వాతి జీవితంలో గుండె ముప్పు ఎక్కువే, ఆ సంగతి ప్రతి డాక్టర్‌కీ చెప్పాలి. ఇంకో బాధాకరమైన విషయం, ఆడవాళ్లు ఆయాసం అంటే ఇంటిపని అలసట అని ఇంట్లోవాళ్లే తేల్చేస్తారు. దయచేసి అలా చేయకండి.

అడగడానికి మొహమాటంగా ఉంది, అంగస్తంభన సమస్యకీ గుండెకీ సంబంధం ఉందా?

ఉంది. అక్కడి నాళాలు గుండె నాళాలకంటే సన్నవి, అందుకే పూడిక ప్రభావం ముందు అక్కడ తెలుస్తుంది, గుండె లక్షణాలకి కొన్నేళ్ల ముందే. మందుల షాపులో మాత్ర కొనుక్కుని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చెప్పి బీపీ, ఎల్‌డీఎల్ చూపించుకోండి.

టైప్ 1 ఉన్న పిల్లలకి, యువతకి కూడా ఇదంతా వర్తిస్తుందా?

వర్తిస్తుంది. టైప్ 1లో మొదటి ఏళ్ల షుగర్ అదుపు గుండెని చాలా ప్రభావితం చేస్తుంది. 1983 నుంచి 1993 వరకు 1,441 మందితో జరిగిన డీసీసీటీ అనే అధ్యయనంలో గట్టి అదుపులో ఉన్నవాళ్లని తర్వాత ఏళ్ల తరబడి గమనిస్తే, గుండె, రక్తనాళ ప్రమాదాలు 42 శాతం తక్కువని 2005లో తేలింది. 40 ఏళ్లు రాలేదు కదా అని బీపీ, కొలెస్ట్రాల్, మూత్రంలో ఆల్బుమిన్ చూడకుండా వదిలేయకూడదు.

స్టెంట్ వేశారు. ఇక సమస్య తీరినట్టేనా?

స్టెంట్ ఒక చోట ఉన్న పూడికని తెరుస్తుంది. పూడిక పెట్టే గుణం మిగతా నాళాల్లో అలాగే ఉంటుంది. కాబట్టి ఇప్పుడు ఎల్‌డీఎల్ 55 లోపు, రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్రలు చెప్పినన్నాళ్లూ ఒక్క పూట తప్పకుండా, బీపీ, పొగ, నడక అన్నీ. ఏటా ఫ్లూ టీకా కూడా, ఫ్లూ వచ్చిన రోజుల్లో గుండెపోట్లు పెరుగుతాయి. కార్డియాక్ రిహాబ్ అని పర్యవేక్షణలో వ్యాయామం చేయించే కార్యక్రమం దొరికితే తప్పకుండా చేరండి. నాన్నగారు మొదటిరోజు రెండు నిమిషాలు నడిచి కూర్చున్నారు, పన్నెండో వారానికి అరగంట నడిచారు.